రవికలో రోహిణి కార్తె

టంగుటూరు పొగాకు కంపెనీలో
ఆకు మచ్చ చూసి రకం చెప్పేదాన్ని నేను.
నిమ్మపండు రంగు ఇటు, మాడిన అట్టు రంగు అటు,
పురుగు తిన్నది ఒళ్ళోనించి కిందికి.
పద్దెనిమిదేళ్ళ చెయ్యి, కళ్ళు మూసుకున్నా తప్పదు.

నా చన్ను కింది మచ్చ మాత్రం
నేనెప్పుడూ చూళ్ళేదు.

రోళ్ళు పగిలే కార్తె అంటారే,
అది ముందు నా రవికలో పగిలింది.
రేకుల కింద మూడొందల మందిమి,
ఫ్యాను తిరిగితే ఆకు ఎగురుద్దని ఆపేశారు.
చెమట మెడ దిగి, రొమ్ముల నడిమిగా జారి,
మడతలో చేరి ఇంక యాడికీ పోదు.
తొలుత చీమ నడిచినట్టు.
ఆనక చీమలబారు.
ఆ తర్వాత ఎవరో ఉప్పూ కారం కలిపి రుద్దినట్టు.

ఎదురుగ్గా మేస్త్రీ.
పైట సర్దుకున్నట్టు గోకాను,
గోతాం మూట ఎత్తుకున్నట్టు గోకాను,
దగ్గొచ్చినట్టు వంగి గోకాను,
పొగాకు జిగురు నల్లగా అంటిన గోళ్ళతోనే.
ఆడదాని దురదకి ఎన్ని నాటకాలో!

మందుల షాపు పిల్లోణ్ణి
దురద ట్యూబు అడిగాను, యాడనో చెప్పలా.
వాడూ అడగలా. వాడి చెవులు ఎర్రబడ్డాయి.
మూడు రాత్రుళ్ళు చల్లగా నిద్రపోయాను.
నెల తిరక్కముందే అరచేతి మేర పాకింది.
పౌడరు కొట్టాను, చెమటకి పిండి ముద్దయింది.
పసుపు పూశాను, మంటకి పెళ్ళి చేసినట్టయింది.

అప్పుడు చెప్పింది దానమ్మ, ఆకు ఏరతానే, తలెత్తకండా:
"మా చిన్నమ్మకి ఒక పక్కే. చనుమొన మీద చెక్కు.
ఊడేది, మళ్ళీ కట్టేది. తామరనుకున్నాం.
ఏడాది ఆకుపసరు పూశాం."
ఇంక చెప్పలా.
ఆ పూట నా ఒళ్ళో అన్ని రకాలూ కలిసిపోయాయి.

రాత్రి తలుపు గడేసి,
మా అద్దం మొహం దాకానే చూపిస్తది గనక
దాన్ని మేకు నించి దించి, మంచమ్మీద ఆనించి,
సెల్లు లైటేసి,
నలభై మూడేళ్ళకి మొదటిసారి
నన్ను నేను ఆకు చూసినట్టు చూసుకున్నాను.
రెండు పక్కలా ఒకటే ఎరుపు, మడతలోనే, తడితడిగా,
అంచున ఆవగింజలంత పొక్కులు.
మొనలు బాగానే ఉన్నాయి. గడ్డేం తగల్లా.
అయినా ఈ ఆకుకి రకం కట్టేది నేను కాదు గదా.
పొద్దున్నే కూలి మానుకుని సర్కారు ఆసుపత్రికి పోయాను.

డాక్టరమ్మది మా పాపంత వయసు.
"గోకబాకమ్మా" అంది, కసరకుండా.
"గాలాడక ఒంటికి బూజు పట్టింది. ఇందులో సిగ్గేముంది?"
నా ట్యూబు చూసి పక్కన పడేసింది,
అది మంటని దాచి బూజుని మేపుద్దంట.
చేతుల జిగురు వదిలేదాకా కడిగి గానీ తాకొద్దంట.
నీళ్ళు పోసుకున్నాక రుద్దకండా అద్దుకుని
మడత ఆరినాకే రవిక వెయ్యాలంట.
దురద పోయిందని మందు మధ్యలో ఆపొద్దంట.
షుగరుకి రక్తం తీశారు.
లేవబోతంటే మళ్ళీ పిలిచి చెప్పింది:
"ఒక పక్కే వచ్చి, మొన మీద చెక్కు కట్టి,
రెండు మూడు వారాలకీ మానకపోతే
ట్యూబుల కోసం తిరగబాకు. నా దగ్గరికి రా."
దానమ్మ చిన్నమ్మ గుర్తొచ్చి
కాసేపు ఆ కుర్చీలోంచి లేవలేకపోయాను.

ఇంటికొచ్చి మా అత్త పాత నేతచీర చింపాను,
జానెడు జానెడు పీలికలు, మడతలో పెట్టుకోను.
ఆరు నాకు, మిగతావి దానమ్మ వరసకి.
ఏం పంచుతున్నావని మేస్త్రీ అడిగాడు.
"గాలి" అన్నాను.

ఇంకోటి.
ఇన్నేళ్ళూ నా బాడీలు చీర చాటునే ఆరేసేదాన్ని.
అవి ఒక్కనాడూ పూర్తిగా ఆరలేదని ఇప్పుడు తెలిసింది.
ఇయ్యాల ఆయన లుంగీ పక్కకి జరిపి
తీగ మీద ఎండకి ఎదురుగ్గా వేశాను.
పక్కింటాయన చూసి తల తిప్పుకున్నాడు.
తిప్పుకోనీ.
ఎండ తిప్పుకోలా.